నలభై ఏడు రాళ్ళ ఈక

అమ్మమ్మ నగలపెట్టెలో అన్నిటికన్నా అడుగున, మెత్తటి గుడ్డలో చుట్టిన వెండి ఈక ఒకటి ఉండేది. భుజం దగ్గర గుచ్చుకునే బ్రోచ్ అది. చూపుడు వేలికన్నా కాస్త పొడవు. నడుమ సన్నటి ఈనె, దానికి అటూ ఇటూ ఏటవాలుగా సాగిన వరసల్లో ఆవగింజ కన్నా కొంచెం పెద్దవైన రాళ్ళు. పెట్టెలో మిగిలినవన్నీ రంగురంగులుగా మెరుస్తుంటే ఇదొక్కటే బూడిద రంగు, వాన పడబోయే ముందు మబ్బు రంగు. ఐదారేళ్ళ వయసులో నాకు దాని మీద జాలి ఉండేది తప్ప ఇష్టం ఉండేది కాదు.

“దీనికి రంగు లేదేమిటి అమ్మమ్మా?” అని అడిగాను ఒకసారి.

“రాత్రి దీపం దగ్గర చూసి అప్పుడు చెప్పు” అంది.

ఆ రాత్రి చూశాను. గదిలో ఒకటే దీపం. అమ్మమ్మ ఈకను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా తిప్పింది. పగలంతా మబ్బుగా ఉన్న రాళ్ళు ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి. ఒక వరస వెలిగి ఆరేలోపు పక్క వరస అందుకునేది. వజ్రంలో కనిపించే ఇంద్రధనుస్సు తునకలు ఇందులో లేవు. దీపం ఏ రంగో ఆ రంగే, కాకపోతే ప్రతి మెరుపు వెనకా ఇంత చీకటి. ఆ చీకటి వల్లే మెరుపు అంత పదునుగా ఉందని అప్పట్లో నాకు తెలియదు. నోరు తెరుచుకుని చూశానని మాత్రం గుర్తు.

“ఇది వెలుగును లోపలికి రానివ్వదు తల్లీ. గుమ్మంలోనే నిలబెట్టి వెనక్కి పంపిస్తుంది” అంది అమ్మమ్మ.

ఆమె రాళ్ళ గురించి ఏ పుస్తకమూ చదవలేదు. చాలా ఏళ్ళ తరువాత నేను చదివినప్పుడు, ఆ ఒక్క మాటలో చెప్పిందే పేజీలకొద్దీ కనిపించింది. వజ్రం పారదర్శకమైనది. వెలుగు లోపలికి దిగి, అడుగు పలకలకు తగిలి, రంగులుగా విడిపోయి పైకి వస్తుంది. ఈ రాయి అలా కాదు. ఇది లోహంలా మెరిసే ఖనిజం, వెలుగును తనలోంచి పోనివ్వదు. పైనున్న పలకలే దానికి అద్దాలు. లోపలికి వెళ్ళే వెలుగే లేదు కాబట్టి అడుగున పలకలు చెక్కడం దండగ. అందుకే అడుగును చదునుగా వదిలి, పైన మాత్రం సాధారణంగా ఆరు పలకలు ఒక మొన దగ్గర కలిసేలా సాన పడతారు. చిన్న గోపురంలా ఉంటుంది ఒక్కో రాయి. అలాంటి గోపురాలు పదుల కొద్దీ పక్కపక్కనే తాపితే, మనిషి కాస్త కదిలినా ఏదో ఒక పలక ఎక్కడో ఒక దీపాన్ని పట్టుకుంటుంది.

నాకు లెక్కలు వచ్చింది ఆ ఈక మీదే. అమ్మమ్మ దాన్ని నా అరచేతిలో పెట్టి రాళ్ళు లెక్కపెట్టమనేది. మొదట్లో ఇరవై దగ్గర దారి తప్పేదాన్ని. ఒకే రాయిని రెండుసార్లు లెక్కపెట్టి ఒకసారి యాభై అనేదాన్ని, ఇంకోసారి నలభై అనేదాన్ని. అగ్గిపుల్లతో ఒక్కో రాయినీ ముట్టుకుంటూ వెళ్ళడం ఆమే నేర్పింది. చివరికి 47 అని తేలింది. ఆ తరువాత ఎప్పుడు వెళ్ళినా మొదటి పని అదే. పెట్టె తెరవడం, గుడ్డ విప్పడం, లెక్కపెట్టడం. 47. అన్నీ ఉన్నాయి. మళ్ళీ చుట్టి పెట్టేయడం.

ఒక సెలవుల్లో 46 వచ్చింది.

మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ 46. ఈక కొన నుంచి మూడో రాయి ఉండాల్సిన చోట నల్లటి గుంట. గుడ్డ దులిపాను, పెట్టె బోర్లించాను, నేలంతా తడిమాను. లేదు. ఏడ్చాను కూడా. నేనే పోగొట్టానని భయం. అమ్మమ్మ నన్ను ఒడిలోకి తీసుకుని, “నువ్వేం చేయలేదు తల్లీ. అలిగి వెళ్ళింది, కోపం తగ్గితే అదే వస్తుంది” అంది. తాతయ్య కిటికీ దగ్గర తన బల్ల ముందు కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని, ఎప్పటిలాగే ఏదో పాత గడియారం విప్పుతున్నారు. తల తిప్పి నా వైపు ఒకసారి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ బల్ల మీద ఆకురాయి శబ్దం, గడియారాల టిక్కుటిక్కులు, ఇవే ఆయన మాటలు.

మళ్ళీ సెలవులకు వెళ్ళేసరికి 47 ఉన్నాయి.

“వచ్చేసింది అమ్మమ్మా!” అని ఇల్లంతా వినిపించేలా అరిచాను. “చెప్పానా” అంది ఆమె. రాళ్ళు అలుగుతాయని, తిరిగి వస్తాయని నేను చాలా ఏళ్ళు నమ్మాను. పెద్దయ్యాక నమ్మకం పోయింది కానీ, మరి ఎలా వచ్చిందని మాత్రం ఎప్పుడూ అడగలేదు. పెట్టెలోనే ఏ మూలో దొరికి ఉంటుందిలే అనుకున్నాను.

ఆ ఈక అమ్మమ్మకు ఒక చిన్ననాటి స్నేహితురాలు ఇచ్చిందట. అంతకు మించి చెప్పేది కాదు. పెట్టుకోవడం తక్కువ, చూసుకోవడం ఎక్కువ. పెట్టుకున్న రోజు మాత్రం తీశాక పొడి గుడ్డతో ఒత్తి తుడిచేది, నీటి బొట్టు కూడా తగలనిచ్చేది కాదు. తుడిచాక అగ్గిపుల్ల కొనతో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క తీసి ఈక కొన దగ్గర తాకించేది. వెనక పిన్ను మడత కూడా ఆ వైపే ఉంది, అది బిగుసుకుపోకుండా అనుకునేదాన్ని. నాకు పద్దెనిమిదేళ్ళు నిండిన రోజున గుడ్డతో సహా ఈకను నా చేతిలో పెట్టింది. “నీళ్ళు తగలనివ్వకు. కొన దగ్గర నూనె చుక్క మరిచిపోకు” అని రెండే మాటలు చెప్పింది. తాతయ్య అప్పటికే లేరు.

దాన్ని ఆమె మార్కసైట్ అనేది. పేరు ఎలా తెలిసిందో, ఇచ్చిన స్నేహితురాలే చెప్పి ఉంటుంది. ఆ పేరు తప్పని నాకు కాలేజీలో తెలిసింది.

భూగర్భశాస్త్రం తరగతిలో మా మాస్టారు ఒక రోజు రెండు సొరుగులు తెరిచి చూపించారు. మొదటి దాంట్లో పైరైట్ ముక్క ఒకటి. అచ్చంగా పాచిక. అంచులు గీత గీసినట్టు, ముఖాలు అద్దంలా. ఎవరో యంత్రం మీద కోసి మెరుగు పెట్టారనుకున్నాం అందరం. కాదు, భూమిలోంచి అలాగే వచ్చిందన్నారాయన. స్పెయిన్‌లోని నవహూన్ అనే ఊరి దగ్గర సుద్దమట్టి రాతిలో ఇలాంటి ఘనాలు పొదిగినట్టుగా దొరుకుతాయి. ఇటలీకి చెందిన ఎల్బా దీవిలో ఐదు భుజాల ముఖాలు పన్నెండు కలిసిన స్ఫటికాలుగా దొరుకుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ బొగ్గు గనుల్లో, రెండు పలకరాతి పొరల మధ్య నలిగి, పక్కలకు పెరిగి, కిరణాలున్న సూర్యబింబంలా బిళ్ళలు కడుతుంది. ఒకే పదార్థం, చోటును బట్టి రూపం. ఇనుప అణువు ఒకటికి గంధకం అణువులు రెండు, అంతే దాని కూర్పు.

రెండో సొరుగులో ఉన్నది రాయి కాదు. బూడిద రంగు పొడి, దాని నడుమ చిన్న గడ్డ, ఘాటైన గంధకం వాసన. కింద పెట్టిన కాగితపు చీటీ గోధుమ రంగుకు తిరిగి చిల్లులు పడి ఉంది. “ఇదమ్మా మార్కసైట్” అన్నారు మాస్టారు.

నా గుండె జారిపోయింది. ఇంట్లో గుడ్డలో చుట్టి ఉన్న ఈక కళ్ళ ముందు కదిలింది.

తరగతి అయ్యాక ఆయన దగ్గరకు వెళ్ళి నగ సంగతి చెప్పాను. నవ్వి, “నగల్లో మార్కసైట్ అని చెప్పేదంతా పైరైటే అమ్మా, భయపడకు” అన్నారు. రెండింటి కూర్పూ ఒకటే, ఇనుము, గంధకం. అణువులు పేర్చుకున్న తీరు వేరు. పైరైట్‌ది ఘనపు అమరిక, నిలకడైనది. అసలు మార్కసైట్‌ది మరో అమరిక, పెళుసు. తేమ తగిలితే లోపల్నుంచి కుళ్ళినట్టు పొడిబారి, ఇనుప లవణాలుగా, ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లమే చీటీని తినేసింది. అలాంటి రాయిని సాన పట్టి వెండిలో తాపడం ఎవరివల్లా కాదు.

మరి పేరు ఎందుకు అలా స్థిరపడిందంటే, తప్పు నగల పనివాళ్ళది కాదు. అరబ్బీ, పారశీక భాషల నుంచి వచ్చిన ఆ మాటను శతాబ్దాల పాటు మెరిసే ఇలాంటి ఖనిజాలన్నిటికీ వాడారు. 1845లో విల్హెల్మ్ హైడింగర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఆ పేరును రెండో సొరుగులోని ఖనిజానికి మాత్రమే కేటాయించారు. అప్పటికే నగల పనివాళ్ళు తమ రాయిని తరతరాలుగా మార్కసైట్ అని పిలుచుకుంటున్నారు. శాస్త్రం పేరు మార్చుకుని వెళ్ళిపోయింది, చేతిపని పాత పేరును వదల్లేదు. నేను కూడా వదల్లేదు. అమ్మమ్మ ఈక నాకు మార్కసైట్ ఈకే. పైరైట్ అని తెలిసిన తరువాత ఆ రాయి మీద గౌరవం పెరిగింది, అంతే తేడా.

మాస్టారు ఆ రోజే మరొకటి చేసి చూపించారు. కిటికీలు మూయించి, ఇంకో పైరైట్ ముక్కను ఉక్కు కమ్మీతో గట్టిగా గీశారు. నిప్పురవ్వలు రాలాయి. గ్రీకు భాషలో నిప్పుకు ఉన్న మాటలోంచే ఈ రాయికి పేరు వచ్చింది. 16వ శతాబ్దపు తుపాకుల్లో ఉక్కు చక్రం తిరుగుతూ ఈ రాయికే ఒరుసుకుని మందును వెలిగించేది. ఆల్ప్స్ పర్వతాల మంచులో 1991లో బయటపడిన, సుమారు 5,300 ఏళ్ళ నాటి మనిషి ఏట్జీ దగ్గర నిప్పు రాజేసుకునే ఎండిన పుట్టగొడుగు ఉంది. దానికి అంటుకుని పైరైట్ రేణువులు ఉన్నాయి. అది విన్న రాత్రి ఈకను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. దీపం వెలుగును తిరగగొట్టే రాయి అనుకున్నాను ఇన్నాళ్ళూ, తనలోనే నిప్పు పుట్టించగలదని తెలియలేదు.

దీన్ని వెర్రివాళ్ళ బంగారం అంటారు. మెరిసేదంతా బంగారం కాదు అనే సామెతకు బొమ్మ వేయాలంటే ఈ రాయినే వేస్తారు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు నొప్పిగా ఉంటుంది. తాను బంగారమని ఈ రాయి ఎప్పుడూ చెప్పుకోలేదు. గీటురాయిలాంటి గరుకు పలక మీద గీస్తే బంగారం పసుపు గీత ఇస్తుంది, ఇది ఆకుపచ్చ ఛాయ ఉన్న నల్లటి గీత ఇచ్చి తాను ఎవరో వెంటనే చెప్పేస్తుంది. సుత్తితో కొడితే బంగారం రేకులా సాగుతుంది, ఇది పగిలిపోతుంది. పోల్చుకోలేకపోవడం చూసేవాళ్ళ తొందర, రాయి మోసం కాదు. పైగా కొన్ని గనుల్లో పైరైట్ రేణువుల లోపలే కంటికి కనిపించనంత సన్నగా నిజమైన బంగారం దాగి ఉంటుంది. అమెరికాలోని నెవాడాలో కార్లిన్ ప్రాంతపు గనులు నడుస్తున్నది అలాంటి బంగారంతోనే.

మన పాత రసశాస్త్ర గ్రంథాలు దీన్ని ఇలా చిన్నచూపు చూడలేదు. మాక్షికం, విమల అని రెండింటిని మహారసాల్లో, అంటే ముఖ్యమైన ఖనిజాల వరసలో చేర్చాయి. విమల అంటే ఈ పైరైటేనని పరిశోధకులు చెబుతారు. మాక్షికం తేనెకు కూడా పేరు. తాజాగా పగిలిన ముక్క రంగు చూస్తే, లేత ఇత్తడి పసుపు, ఆ మాట ఎంత అందమైనదో తెలుస్తుంది. నగలో అది బూడిద రంగుగా కనిపించడానికి కారణం రాయి చిన్నది కావడం, చుట్టూ వెండిని కావాలని నల్లబరచడం.

ఈక వెనక 935 అని చిన్న ముద్ర ఉంది. వెయ్యి పాళ్ళలో 935 పాళ్ళు వెండి అని అర్థం. జర్మనీ, స్విట్జర్లాండ్ పనుల్లో ఈ ముద్ర తరచుగా కనిపిస్తుంది. అది పట్టుకుని నేను చదవడం మొదలుపెట్టాను. ఎవరు చేశారో తెలుసుకోవాలన్న ఆశ కాదు, ఎలాంటి లోకంలోంచి వచ్చిందో తెలుసుకోవాలన్న ఆశ.

18వ శతాబ్దపు ఫ్రాన్సులో, స్విట్జర్లాండ్‌లో బూట్ల బకిళ్ళకు, గుండీలకు, ఉంగరాలకు ఈ రాళ్ళు తాపేవారు. కొవ్వొత్తుల వెలుగు కాలం అది. కదిలే మంటకు ఈ రాయి ఎలా స్పందిస్తుందో అమ్మమ్మ గదిలో చూసినదాన్ని కాబట్టి, ఆ నాట్యశాలలు ఎలా ఉండేవో ఊహించుకోవడం నాకు కష్టం కాలేదు. విద్యుద్దీపం నిలకడగా ఉంటుంది. ఈ రాయికి నిలకడ లేని వెలుగు కావాలి.

అదే కాలంలో దీనికి ఒక చెల్లెలు ఉండేది. ఇంగ్లండులోని వుడ్‌స్టాక్ పనివాళ్ళు ఉక్కునే ముక్కలుగా చేసి, పలకలు చెక్కి, మెరుగు పెట్టి నగలు చేశారు. బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బోల్టన్ కార్ఖానా ఆ పనిని పెద్దయెత్తున సాగించింది. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. దగ్గరగా చూస్తే ఉక్కు ముక్కలకు వెనక నుంచి రివెట్లు కనిపిస్తాయి. ఉక్కుకు తుప్పు భయం, పైరైట్‌కు ఆమ్లం భయం.

1861 డిసెంబరులో భర్త ఆల్బర్ట్ మరణించాక విక్టోరియా రాణి జీవితాంతం నల్లదుస్తుల్లోనే ఉండిపోయారు. ఇంగ్లండులోని విట్బీ తీరంలో దొరికే, జెట్ అనే నల్లటి రాతి నగలకు ఆమె దుఃఖం వల్లే అంత పేరు వచ్చింది. ముదురు వెండిలో ఒదిగే మార్కసైట్ కూడా ఆ కాలపు మనసుకు సరిపోయింది. నాకు మాత్రం ఇష్టమైన కాలం 1920లు, 30లు. జర్మనీలో ఫోర్ట్స్‌హైమ్ అనే నగల పట్టణంలో థియోడోర్ ఫార్నర్ పేరుతో నడిచిన సంస్థ చేసిన పని చూస్తే కళ్ళు తిప్పుకోలేము. ఫార్నర్ 1919లోనే పోయారు, సంస్థను తరువాత మరొకరు కొన్నారు. మార్కసైట్ వరసల పక్కన నల్లటి ఓనిక్స్, ఎర్రటి పగడం, పచ్చటి అమెజొనైట్ పెట్టి, గీతలతో, మెట్లతో ఆడుకున్నారు వాళ్ళు. వజ్రాన్ని అనుకరించే ప్రయత్నం అందులో ఎక్కడా లేదు. ఈ రాయి బూడిద వెలుగును బూడిద వెలుగుగానే ప్రేమించారు. వాటి చిత్రాల్లో ఎక్కడైనా మా ఈక కనిపిస్తుందేమోనని ఎన్ని గంటలు వెతికానో. కనిపించలేదు. దానికి దూరపు చుట్టాలు మాత్రం చాలామంది కనిపించారు.

ఇంత తెలిసిన మనిషిని, ఆ పని ఎలా చేశానో ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను.

అమ్మమ్మ పోయిన ఏడాది. ఆమె లేకుండా మొదటిసారి ఆ ఈకను ఒక వేడుకకు పెట్టుకోవాలనుకున్నాను. వెండి బాగా నల్లబడిందనిపించింది. వెండి శుభ్రం చేసే ద్రవం ఒక సీసా తెచ్చాను. ముంచి తీస్తే చాలు, కొత్తదానిలా అవుతుందని రాసి ఉంది. గిన్నెలో పోసి ముంచాను. ఫోను మోగింది. మాట్లాడి వచ్చేసరికి పావుగంట దాటింది.

గిన్నెలో వెండి తెల్లగా మెరుస్తోంది. అదే మొదటి దెబ్బ. రాళ్ళ మధ్య సందుల్లో ఉండాల్సిన నలుపంతా పోయింది. ఆ నలుపును పనివాడు కావాలని పెట్టాడు, ఆ చీకటి మీదే మెరుపు నిలబడింది. అది పోగానే ఈక చదునుగా, ప్రాణం లేనట్టుగా కనిపించింది. రెండో దెబ్బ గిన్నె అడుగున ఉంది. నల్లటి ఇసుకలా, రాలిన రాళ్ళు. ఈ నగల్లో మంచి పనైతే రాతి చుట్టూ వెండినే చిన్న గింజలుగా లేపి రాయి మీదికి నొక్కుతారు, తక్కువ పనైతే జిగురుతో అతికిస్తారు. మాది మంచి పనే, అయినా ఎప్పుడో ఎవరో బాగు చేసినచోట జిగురు వాడినట్టున్నారు. ఆ జిగురు కరిగింది. ద్రవంలోని ఆమ్లం మిగిలిన రాళ్ళ పలకలను కూడా కొంత మసకబార్చింది.

నీళ్ళు తగలనివ్వకు అంది అమ్మమ్మ. నేను ఏకంగా ఆమ్లంలో ముంచాను.

గిన్నెను తెల్లటి గుడ్డ మీద వంపి, ఒక్కో రాయినీ తడి అంటిన అగ్గిపుల్లతో ఎత్తి పక్కన పెట్టాను. పద్నాలుగు. ఈక మీద మిగిలినవి లెక్కపెట్టాను. ముప్పై మూడు. మొత్తం 47. అన్నీ ఉన్నాయి. చిన్నప్పుడు ఆ మాట అన్నప్పుడు ఎంత సంతోషమో, ఆ రోజు అంత ఏడుపు వచ్చింది.

పాత నగలు బాగుచేసే పెద్దాయన ఒకరి దగ్గరకు తీసుకువెళ్ళాను. మొదట ఆయన ఏమీ అనలేదు. దీపం దగ్గరకు జరిపి, భూతద్దం కంటికి పెట్టుకుని, ఈకను చాలాసేపు తిప్పి చూశారు.

“ముంచారా అమ్మా?” అన్నారు.

“ముంచానండీ.”

“మళ్ళీ ఎప్పుడూ ముంచకండి. పొడి గుడ్డ చాలు. సబ్బు నీళ్ళు వద్దు, శబ్దతరంగాలతో శుభ్రం చేసే యంత్రాల్లో అసలే వద్దు. అత్తరు పూసుకున్నాక, అది ఆరాకే పెట్టుకోవాలి.” తిట్టినట్టు కాదు, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పారు. “నలుపు మళ్ళీ పెట్టవచ్చు. రాళ్ళు కూడా కూర్చోబెడతాను. ఏవి ఎక్కడివో చెప్పలేం, సైజును బట్టి సర్దుకోవాలి.”

కాగితంలో ఉన్న పద్నాలుగు రాళ్ళనూ బల్ల మీద పోశారు. సొరుగులోంచి చిన్న అయస్కాంతం తీశారు. ఎందుకని అడిగాను.

“ఒక్కోసారి ఈ నగల్లో ఉక్కు రాళ్ళు కలిసి ఉంటాయి. బాగుచేసేవాళ్ళకు అసలు రాయి దొరకకపోతే పెడతారు. విడదీసుకోవడం మంచిది.”

“దీంట్లోనూ ఇనుమే కదండీ ఉంది?”

“ఉందమ్మా. కానీ గంధకంతో ముడిపడిన ఇనుము అది. అయస్కాంతం పిలిస్తే పలకదు.”

అయస్కాంతాన్ని రాళ్ళ మీదుగా మెల్లగా జరిపారు. ఒకటి, రెండు, మూడు, ఏదీ కదల్లేదు. వరస చివరకు వచ్చేసరికి ఒక్క రాయి చటుక్కున లేచి అయస్కాంతానికి అతుక్కుంది.

ఆయన దాన్ని పట్టకారుతో తీసి భూతద్దం కింద పెట్టారు. చాలాసేపు చూశారు. “ఇది కార్ఖానా పని కాదు” అన్నారు. “చేత్తో చేసినది. ఏ మేకు ముక్కో, గడియారం ఇరుసు ముక్కో అయి ఉంటుంది. ఆకురాయితో ఆరు పలకలూ దించి మెరుగు పెట్టారు. ఒక పలక కాస్త పెద్దది, చూడండి. ఇంత చిన్నదాన్ని పట్టుకుని ఇలా దించాలంటే రోజులు పడుతుంది. చేసినవారికి చాలా ఓపిక.”

భూతద్దం నాకు ఇచ్చారు. ఆరు పలకలు. ఒకటి కాస్త పెద్దది. అంచుల్లో ఆకురాయి గీతలు. అడుగున సన్నగా గోధుమ రంగు తుప్పు.

“తుప్పు ఇప్పుడిప్పుడే పట్టినట్టుంది” అన్నారాయన. “ఇన్నేళ్ళ ఉక్కు ఇంత శుభ్రంగా ఉండదు. ఎవరో నూనె పెడుతూ వచ్చి ఉండాలి.”

నేను ఏమీ చెప్పలేకపోయాను. కిటికీ దగ్గర బల్ల, వంగిన వీపు, ఏడుస్తున్న నా వైపు ఒక్కసారి తిరిగిన ముఖం. అగ్గిపుల్ల కొన మీద వణికే నూనె చుక్క. ఎన్ని ఏళ్ళు, ఎన్నిసార్లు. ఇద్దరూ నాకు ఒక్క మాట చెప్పలేదు.

“ఇది తీసేసి మంచి రాయి పెట్టమంటారా? నా దగ్గర ఈ సైజువి ఉన్నాయి” అని అడిగారు పెద్దాయన.

“వద్దండీ. అదే పెట్టండి.”

“ఎక్కడిదో తెలుసా మరి?”

“కొన నుంచి మూడోది.”

ఆయన ఆ గుంటను చూశారు. అంచుల్లో అక్కడ మాత్రమే గోధుమ రంగు మరక ఉంది. తల ఊపి, రాయిని పక్కన వేరే కాగితంలో పెట్టారు.

వారం తరువాత ఈకను తెచ్చుకున్నాను. సందుల్లో చీకటి తిరిగి వచ్చింది. కొన్ని రాళ్ళు మునుపటి కన్నా మసకగా ఉన్నాయి, అవి ఇక అలాగే ఉంటాయి. రాత్రి దీపం ఒక్కటి ఉంచి, అగ్గిపుల్లతో ముట్టుకుంటూ లెక్కపెట్టాను. తరువాత లేచి, కుట్టుమిషను సొరుగులో నూనె సీసా కోసం వెతికాను.